పసి మెడలో థైరాయిడ్: స్కాన్ ఎప్పుడు, ఎందుకు?

మెడ ముందు భాగంలో, గొంతుముడికి కాస్త కింద, శ్వాసనాళాన్ని ఇరువైపులా అంటిపెట్టుకుని ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. కుడి ఎడమల రెండు తమ్మెలు, వాటిని మధ్యలో కలిపే సన్నని పట్టీ, అంతే దాని స్వరూపం. ఆహారంలోని అయోడిన్‌ను పట్టుకుని ఇది తయారుచేసే హార్మోన్ పెద్దవాళ్లలో ఒంటి వేడిని, గుండె వేగాన్ని, బరువును అదుపులో ఉంచుతుంది. పిల్లల్లో దాని పని ఇంకా పెద్దది. మొదటి మూడేళ్లలో మెదడు ఎదగాలన్నా, ఆ తర్వాత ఎముకలు సాగి ఎత్తు పెరగాలన్నా, సరైన వేళకు యుక్తవయసు రావాలన్నా ఈ హార్మోన్ ఉండాల్సిందే. పెద్దవాళ్లకు థైరాయిడ్ తగ్గితే నీరసం వస్తుంది, మాత్రతో సర్దుకుంటుంది. పుట్టిన బిడ్డకు తగ్గి, ఎవరూ గమనించకపోతే పోయిన తెలివితేటలు తిరిగి రావు.

ఈ గ్రంథి చర్మానికి ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులోనే ఉంటుంది. అందుకే అల్ట్రాసౌండ్‌కు ఇంత అనువుగా దొరికే అవయవాలు శరీరంలో కొద్దిగానే ఉన్నాయి. సూది లేదు, మత్తు లేదు, ఎక్స్‌రేలో మాదిరి రేడియేషన్ లేదు. ఖాళీ కడుపుతో రావాల్సిన పని కూడా లేదు. పది పదిహేను నిమిషాల్లో గ్రంథి ఉందో లేదో, ఉంటే ఎక్కడుందో, ఎంత పెద్దదో, లోపల గడ్డలేమైనా ఉన్నాయో తెలిసిపోతుంది.

ఉప్పులో అయోడిన్ లోటు, మేనరికాలు ఉన్న తమిళనాడులో, విరుదునగర్ జిల్లా రాజపాళయం వంటి ఊళ్లో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంది. పడమటి కనుమల పాదాన, మదురై నుంచి తెన్‌కాశి వెళ్లే దారిలో ఉన్న ఈ ఊళ్లో విజయనగర కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు రాజులు నేటికీ ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. నూలు మిల్లులకు, శస్త్రచికిత్సల్లో వాడే దూదికి ఊరు పేరుపొందింది. పక్కనున్న చత్రపట్టి మగ్గాలు ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేస్తాయి. స్కానింగ్ సెంటర్లు ఇప్పుడు ఇలాంటి ఊళ్లన్నింటికీ వచ్చాయి. రావాల్సింది ఆ స్కాన్‌ను ఏ ప్రశ్నకు జవాబుగా వాడుకోవాలన్న అవగాహన.

రక్తం చెప్పేది ఒకటి, స్కాన్ చూపేది ఒకటి

థైరాయిడ్ జబ్బు అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. మొదటిది గ్రంథి పనితీరు: హార్మోన్ తక్కువగా వస్తోందా, ఎక్కువగా వస్తోందా, సరిపడా వస్తోందా? దీన్ని చెప్పేది రక్తపరీక్ష. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే టీఎస్‌హెచ్, థైరాయిడ్ తయారుచేసే టీ4, ఈ రెండింటి లెక్కతో పనితీరు తేలుతుంది. హార్మోన్ తగ్గితే పిట్యూటరీ గట్టిగా తరుముతుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. ఎక్కువైతే టీఎస్‌హెచ్ అడుగంటుతుంది.

రెండోది గ్రంథి రూపం. దాన్ని చూపేది అల్ట్రాసౌండ్. రూపం బాగున్నా పని చెడవచ్చు, పని బాగున్నా రూపం చెడవచ్చు. గొంతు కింద పెద్ద గడ్డ ఉన్న పిల్లాడికి టీఎస్‌హెచ్ మామూలుగా ఉండటం అరుదేమీ కాదు. అలాగే స్కాన్‌లో నిక్షేపంలా కనిపించే గ్రంథి చాలినంత హార్మోన్ తయారు చేయలేకపోవచ్చు. కాబట్టి స్కాన్ చూసి మందు మోతాదు నిర్ణయించలేరు, రక్తపరీక్ష చూసి గడ్డ స్వభావం చెప్పలేరు. ఏ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబిస్తుందో తెలిస్తే సగం అయోమయం, సగం ఖర్చు తప్పుతాయి.

స్కాన్ గదిలో జరిగేది

మనిషి చెవి సెకనుకు దాదాపు 20,000 కంపనాల వరకు వినగలదు. మెడ స్కాన్‌కు వాడే ప్రోబ్ అంతకు కొన్ని వందల రెట్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీతో (సెకనుకు కంపనాల సంఖ్యతో), 7 నుంచి 15 మెగాహెర్ట్జ్ దాకా, ధ్వని తరంగాలను పంపుతుంది. అవి ఒక్కో కణజాలాన్ని తాకి ఒక్కో తీరున ప్రతిధ్వనిస్తాయి. ఆ ప్రతిధ్వనులే తెర మీద తెలుపు, నలుపు, బూడిద రంగుల బొమ్మగా మారతాయి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తరంగం తక్కువ లోతుకే వెళుతుంది, బొమ్మ మాత్రం మరింత స్పష్టంగా వస్తుంది. పిల్లల మెడ సన్నగా ఉంటుంది కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న ప్రోబ్ వాడవచ్చు. థైరాయిడ్‌ను ఈ పద్ధతిలో చూడటం 1960ల్లో, జపాన్ వైద్యుల తొలి ప్రయత్నాలతో మొదలైంది.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద చుట్టిన తువ్వాలు పెడతారు. తల కాస్త వెనక్కి వాలి మెడ తెరుచుకుంటుంది. చంటిపిల్లలైతే పాలు తాగి నిద్రలోకి జారుకునే వేళ చూసుకుంటే సులువు. చర్మం మీద జెల్ రాసి ప్రోబ్‌ను ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా కదుపుతారు. తెర మధ్యలో గాలి నిండిన శ్వాసనాళం తెల్లటి వంపులా, దాని వెనక నీడలా కనిపిస్తుంది. దానికి రెండు పక్కలా థైరాయిడ్ తమ్మెలు చుట్టుపక్కల కండరాల కంటే తెల్లగా, ఒకే నునుపుతో ఉంటాయి. వాటి వెలుపలి అంచున నల్లగా, గుండ్రంగా కొట్టుకునేది తలకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని.

తర్వాత కొలతలు. ఒక్కో తమ్మెకు పొడవు, వెడల్పు, మందం తీసుకుని మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 0.479తో గుణిస్తే ఆ తమ్మె ఘనపరిమాణం మిల్లీలీటర్లలో వస్తుంది. మధ్య పట్టీని లెక్కలోకి తీసుకోరు. ఉదాహరణకు తమ్మె వెడల్పు 1.2, మందం 1.1, పొడవు 3 సెంటీమీటర్లు అనుకుంటే దాని పరిమాణం సుమారు 1.9 మిల్లీలీటర్లు, రెండు తమ్మెలూ కలిపి 3.8. పదేళ్ల ఆడపిల్లకు ఇది మామూలే. ఆరేళ్ల పాపకైతే ఇదే కొలత గ్రంథి వాచిందని అర్థం. అయోడిన్ కొరత లేని ఆరు దేశాల పిల్లలను కొలిచి 2004లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం ఆరేళ్ల వయసులో గరిష్ఠ పరిమితి 3 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ, పన్నెండేళ్లకు మగపిల్లల్లో 6, ఆడపిల్లల్లో 6.5 మిల్లీలీటర్ల చుట్టూ ఉంటుంది. వయసు, ఒంటి పరిమాణం చూడకుండా పెద్దవాళ్ల కొలతతో పోల్చి రాసిన రిపోర్టు పిల్లల విషయంలో దారి తప్పిస్తుంది.

పుట్టిన బిడ్డలో: గ్రంథి ఉందా, ఎక్కడుంది?

గర్భంలో మూడు నాలుగు వారాల పిండంలో థైరాయిడ్ మొదలయ్యేది మెడలో కాదు, నాలుక మొదట్లో. అక్కడి నుంచి మెల్లగా కిందికి దిగి, ఏడో వారానికి మెడలో తన చోటికి చేరుతుంది. ఈ ప్రయాణం పూర్తి కాకపోతే గ్రంథి దారిలోనే ఆగిపోతుంది, ఎక్కువగా నాలుక వెనకే ఉండిపోతుంది. కొందరిలో చోటికి చేరినా సరిగా ఎదగదు. ఇంకొందరిలో అసలు ఏర్పడదు. మరికొందరిలో గ్రంథి పూర్తిగా ఉన్నా హార్మోన్ తయారీకి కావలసిన ఎంజైములలో ఒకటి లోపిస్తుంది. పుట్టుకతో వచ్చే హైపోథైరాయిడిజానికి, అంటే థైరాయిడ్ హార్మోన్ లోపానికి, ప్రధాన కారణాలు ఇవే.

ప్రపంచంలో ప్రతి రెండు నుంచి నాలుగు వేల కాన్పుల్లో ఒక బిడ్డకు ఈ లోపం ఉంటుంది. మన దేశంలో అంతకంటే ఎక్కువ. హైదరాబాద్‌లో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో 1,700 మందికి ఒకరిలో కనిపించింది. అయినా పుట్టినప్పుడు చాలామంది బిడ్డలు మామూలుగానే ఉంటారు, తల్లి నుంచి వచ్చిన హార్మోన్ కొన్ని రోజులు కాపాడుతుంది. పచ్చకామెర్లు వారాల తరబడి తగ్గకపోవడం, మలబద్ధకం, పాలు సరిగా తాగకపోవడం, ఎప్పుడూ మగతగా ఉండటం, బొంగురు ఏడుపు, ఉబ్బిన బొడ్డు, బయటికి వచ్చే నాలుక వంటి లక్షణాలు కనిపించేసరికి మెదడుకు కీలకమైన రోజులు గడిచిపోతాయి. ‘మంచి బిడ్డ, ఏడవనే ఏడవదు’ అని ఇంట్లో మురిసిపోతున్న బిడ్డ నిజానికి హార్మోన్ లేక నిద్రపోతూ ఉండవచ్చు.

అందుకే మొదటి అడుగు స్కాన్ కాదు, మడమ నుంచి తీసే రక్తపు చుక్క. పుట్టిన 48 గంటలు దాటాక, మూడు నుంచి అయిదు రోజుల మధ్య తీస్తే మేలు. పుట్టిన వెంటనే టీఎస్‌హెచ్ సహజంగానే ఎగబాకుతుంది కాబట్టి తొలి రోజు తీసిన రక్తం తప్పుదారి పట్టించవచ్చు. తొందరగా ఇంటికి పంపేసే ఆసుపత్రుల్లో బొడ్డుతాడు రక్తం తీసి పరీక్షించే పద్ధతి కూడా ఉంది. జబ్బు ఖాయమైతే రెండు వారాల వయసులోపే, థైరాయిడ్ హార్మోన్‌కు బదులుగా ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టాలి. బిడ్డ బరువులో కిలోకు రోజుకు 10 నుంచి 15 మైక్రోగ్రాముల చొప్పున, మాత్రను పొడిచేసి చెంచాడు నీళ్లలో గానీ తల్లిపాలలో గానీ కలిపి పట్టాలి. ఐరన్, క్యాల్షియం మందులతో కలిపి ఇవ్వకూడదు.

ఇక్కడ స్కాన్ పని కారణం తేల్చడం. మెడలో గ్రంథి చోటు ఖాళీగా ఉంటే ఏర్పడలేదేమో, నాలుక వెనక ఉందేమో చూడాలి. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్‌తో వెతికితే నాలుక వద్ద దాగిన గ్రంథి కొంతవరకు దొరుకుతుంది. అయినా అల్ట్రాసౌండ్‌కు అది దొరక్కపోవడం అరుదు కాదు. ఆ పని బాగా చేసేది టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని కొద్దిగా ఎక్కించి గామా కెమెరాతో తీసే స్కాన్. ఆ సదుపాయం మదురై వంటి నగరాల్లోనే దొరుకుతుంది. మరోవైపు గామా స్కాన్‌లోనూ ఒక మెలిక ఉంది. తల్లి రక్తం నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు బిడ్డ గ్రంథిని తాత్కాలికంగా అడ్డుకుంటే ఆ స్కాన్‌లో గ్రంథి లేనట్టే కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ పెడితే చోటులోనే భద్రంగా ఉంటుంది. రెండూ ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి. ఒకే ఒక్క నియమం మాత్రం ఎన్నడూ మరవకూడదు: స్కాన్ కోసం మాత్రను ఒక్కరోజు కూడా ఆపకూడదు. స్కాన్ దొరకలేదని మందు మొదలుపెట్టకుండా కూర్చోవడం కంటే పెద్ద తప్పు ఇందులో మరొకటి లేదు.

కారణం తెలిస్తే కుటుంబానికి ఒరిగేది ఎంతో ఉంది. గ్రంథి లేదని, లేదా నాలుక దగ్గరే ఆగిపోయిందని తేలితే మాత్ర జీవితాంతం. మూడేళ్లు నిండాక మాత్ర ఆపి చూద్దామన్న ప్రయోగమే అక్కర్లేదు. గ్రంథి చోటులోనే ఉంటే మూడేళ్లప్పుడు డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాలు మందు ఆపి, మళ్లీ రక్తం పరీక్షించి, అవసరం తీరిందేమో చూడవచ్చు. గ్రంథి చోటులో ఉండి పెద్దదిగా కనిపిస్తే ఎంజైము లోపమేమోనని అనుమానించాలి. ఇది అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చొప్పున లోపమున్న రెండు జన్యువులు కలిసినప్పుడు వస్తుంది. తర్వాతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనమామను, మేనమరదలిని చేసుకునే ఆచారం ఉన్న దక్షిణాదిలో ఈ రకాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఇదే రకంలో కొందరు పిల్లలకు చెవుడు కూడా ఉంటుంది కాబట్టి వినికిడి పరీక్ష చేయించాలి.

మెడ మధ్య బుడిపె

అయిదారేళ్ల పిల్లాడికి మెడకు సరిగ్గా మధ్యలో గుండ్రటి బుడిపె, గుటక వేసినప్పుడు, నాలుక బయటికి చాపినప్పుడు పైకి కదులుతుంది. థైరాయిడ్ దిగివచ్చిన దారి పూర్తిగా మూసుకుపోకపోతే అందులో నీరు చేరి ఏర్పడే తిత్తి ఇది. దీనికి శస్త్రచికిత్స చేసి తీసేస్తారు.

అంతకు ముందు మెడకు స్కాన్ తప్పనిసరి. తిత్తి అనుకున్నది కొందరిలో దారిలో ఆగిపోయిన థైరాయిడే కావచ్చు, ఒంట్లో ఉన్న ఏకైక థైరాయిడ్ కూడా అదే కావచ్చు. చూడకుండా తీసేస్తే పిల్లాడు ఆపరేషన్ బల్ల మీద నుంచి జీవితాంతం మాత్ర మీద బతకాల్సినవాడై దిగుతాడు. ప్రోబ్‌ను మెడ కింది భాగానికి జరిపి రెండు తమ్మెలూ వాటి చోట ఉన్నాయని చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఆపరేషన్ చెప్పిన డాక్టరును ‘థైరాయిడ్ తన చోటులో ఉందా?’ అని అడగడం తల్లిదండ్రుల హక్కు.

ఉప్పు, గొంతువాపు

అయోడిన్ చాలకపోతే థైరాయిడ్ దొరికిన కొద్దిపాటి అయోడిన్‌నే ఒడిసిపట్టడానికి ఉబ్బుతుంది. అదే గలగండం, అందరికీ తెలిసిన మాటలో గొంతువాపు. ఈ జబ్బు అయోడిన్ ఉప్పుతో తగ్గుతుందని మన దేశంలో నిరూపించిన బృందానికి నాయకుడు తెలుగువాడే. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి నాయకత్వంలో 1956 నుంచి నేటి హిమాచల్ ప్రదేశ్ కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పును కొన్ని ప్రాంతాలకు, మామూలు ఉప్పును మరో ప్రాంతానికి పంచి చూశారు. అయోడిన్ ఉప్పు అందిన చోట పిల్లల గొంతువాపు గణనీయంగా తగ్గింది. ఆ ఫలితాలే 1962లో మొదలైన జాతీయ గలగండ నియంత్రణ కార్యక్రమానికి ఆధారమయ్యాయి.

కాంగ్రాలో పిల్లల మెడలను చేతులతో తడిమి లెక్కపెట్టారు. తడిమి చూసే పద్ధతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలమానం నేటికీ అమల్లో ఉంది: పరీక్షిస్తున్న బిడ్డ బొటనవేలి చివరి కణుపు కంటే తమ్మె పెద్దదిగా తగిలితే వాపు ఉన్నట్టు. పెద్ద వాపును ఇది పట్టుకుంటుంది. చిన్న వాపు దగ్గర మాత్రం ఒకే మెడను చూసిన ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబుతారు. అల్ట్రాసౌండ్ కొలతలు ఈ తగవు తీర్చాయి. 6 నుంచి 12 ఏళ్ల బడిపిల్లల్లో నూటికి అయిదుగురి కంటే ఎక్కువ మందికి వాపు ఉంటే ఆ ప్రాంతంలో అయోడిన్ కొరత ప్రజారోగ్య సమస్యేనని లెక్క.

రాజపాళయం నుంచి ఆగ్నేయంగా కొన్ని గంటల ప్రయాణంలో తూత్తుకుడి ఉప్పుమడులు ఉన్నాయి. గుజరాత్ తర్వాత దేశంలో ఎక్కువ ఉప్పు పండించేది తమిళనాడే, అందులో పెద్ద వాటా తూత్తుకుడిది. అయినా 2018–19లో జరిగిన దేశవ్యాప్త అయోడిన్ సర్వేలో తగినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్లు దేశంలో సగటున 76.3 శాతం ఉంటే, తమిళనాడులో 61.9 శాతం. రాష్ట్రాలన్నింటిలోకీ అదే అట్టడుగు. ఆంధ్రప్రదేశ్ 63.9 శాతంతో దానికి కాస్త పైన నిలిచింది. ఉప్పు దగ్గరలోనే పండే చోట అయోడిన్ కలపని గళ్లుప్పు నేరుగా ఇళ్లకు చేరడం దీనికి ఒక కారణం. సముద్రపు ఉప్పులో సహజంగానే అయోడిన్ ఉంటుందన్న నమ్మకం నిజం కాదు. అది ఉండేది అత్యల్పం. చట్టం ప్రకారం కొనేవాడి చేతికి వచ్చేసరికి ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. బడిపిల్లలకు రోజుకు కావలసింది 120 మైక్రోగ్రాములు, గర్భిణికి 250. ఆవకాయకు, చేపల పులుసుకు గళ్లుప్పే రుచి అనుకునే ఇళ్లు అయోడిన్ కలిపిన గళ్లుప్పును అడిగి కొనుక్కోవచ్చు, డబ్బాకు మూత బిగించి పొయ్యి వేడికి దూరంగా పెట్టుకుంటే చాలు.

బడికెళ్లే వయసులో

అయోడిన్ చాలినంత ఉన్న చోట బడిపిల్లల్లో గొంతువాపుకు, హార్మోన్ తగ్గడానికి ప్రధాన కారణం హషిమోటో థైరాయిడైటిస్. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో దీన్ని వర్ణించాడు. ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను పరాయిదిగా భావించి దాడి చేస్తుంది. మగపిల్లల కంటే ఆడపిల్లల్లో చాలా ఎక్కువ, ముఖ్యంగా యుక్తవయసు దగ్గరపడే వేళ. తరగతిలో అందరికంటే ఎత్తుగా ఉన్న పిల్ల రెండేళ్లలో ముందు బెంచీకి చేరడం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చదువులో మందగించడం, మెడ కింద నిండుగా కనిపించడం దీని గుర్తులు. టైప్ 1 మధుమేహం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

స్కాన్‌లో ఆ గ్రంథి నునుపు పోతుంది. తెల్లగా ఉండాల్సిన కణజాలం మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది, మధ్యలో సన్నని తెల్లటి గీతలు తిరుగుతాయి. రిపోర్టులో ‘హైపోఎకోయిక్’ అంటే నల్లబడిందని, ‘హెటెరోజీనియస్’ అంటే ఒకే తీరుగా లేదని, ‘డిఫ్యూజ్’ అంటే గ్రంథి అంతటా ఉందని అర్థం. ఈ మూడు మాటలు కలిసి కనిపిస్తే సాధారణంగా అది హషిమోటో, క్యాన్సర్ కాదు. రోగనిర్ధారణను ఖాయం చేసేది రక్తంలోని ప్రతిరక్షకాల పరీక్ష. మెడ తడిమితే గడ్డ తగలనప్పుడు, రక్తపరీక్షలతోనే సంగతి తేలినప్పుడు స్కాన్ చికిత్సను మార్చదు.

హార్మోన్ మరీ ఎక్కువయ్యే గ్రేవ్స్ జబ్బు పిల్లల్లో తక్కువే గానీ వస్తే గుండె దడ, చెమటలు, చేతుల వణుకు, ఎంత తిన్నా బరువు తగ్గడం, కనుగుడ్లు ముందుకు రావడం కనిపిస్తాయి. ‘పిల్లాడు కుదురుగా కూర్చోవడం లేదు’ అని బడి నుంచి వచ్చే ఫిర్యాదే కొన్నిసార్లు తొలి గుర్తు. కలర్ డాప్లర్ పెడితే గ్రంథి అంతటా రక్తప్రవాహం ఎర్రగా, నీలంగా తెర నిండా మంటలా ఎగుస్తుంది. వాపు వల్ల పగిలి నిల్వ హార్మోన్ కారిపోతున్న గ్రంథిలో మాత్రం రక్తప్రవాహం పలచగా ఉంటుంది. లక్షణాలు రెండింటిలో ఒకటే, చికిత్సలు వేరు. తేడా పట్టడంలో డాప్లర్ సాయపడుతుంది.

గడ్డ తగిలితే

పిల్లల థైరాయిడ్‌లో గడ్డలు పెద్దవాళ్లలో కంటే చాలా అరుదు. కానీ కనిపించిన గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం పిల్లల్లోనే ఎక్కువ. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015లో పిల్లల కోసం ప్రత్యేకంగా వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దల్లో ఇది నూటికి 5 నుంచి 10 అయితే, పిల్లల్లో 22 నుంచి 26. అందుకే చేతికి తగిలిన ప్రతి గడ్డకూ స్కాన్ కావాలి, ఇందులో రెండో మాట లేదు.

స్కాన్ చేసేవారు గడ్డ పరిమాణంతో ఆగకూడదు. నీటితో నిండిందా, గట్టిదా? అంచులు నున్నగా ఉన్నాయా, గీరుకున్నట్టున్నాయా? లోపల సన్నటి తెల్లని చుక్కలు, అంటే సున్నపు రేణువులు ఉన్నాయా? మెడ పక్కల లింఫ్ గ్రంథులు గుండ్రంగా ఉబ్బాయా? ఇవన్నీ రాయాలి. పెద్దల్లో ఒక సెంటీమీటరు లోపు గడ్డను చాలావరకు వదిలేస్తారు. బిడ్డ గ్రంథే చిన్నది కాబట్టి ఆ కొలత ఇక్కడ పనికిరాదు, గడ్డ పోకడే ముఖ్యం. గడ్డంటూ విడిగా లేకుండా గ్రంథి మొత్తం ఉబ్బి, అంతటా తెల్లని చుక్కలు పరుచుకునే క్యాన్సర్ రకం కూడా పిల్లల్లో ఉంది. దాన్ని హషిమోటో అనుకుని వదిలేయకూడదు. అనుమానం ఉంటే స్కాన్ తెర మీద చూస్తూ సన్నటి సూదితో కణాలు తీసి పరీక్షిస్తారు.

భయం వద్దు, జాప్యం వద్దు. పిల్లల్లో వచ్చే థైరాయిడ్ క్యాన్సర్‌లో అత్యధికం పాపిలరీ రకం. మెడ గ్రంథులకు పాకినా సరైన శస్త్రచికిత్స తర్వాత దశాబ్దాల పాటు బతికేవారు నూటికి 95 మందికి పైనే.

కొన్ని మాయగడ్డలు కూడా ఉంటాయి. ఛాతీ పైభాగంలో ఉండాల్సిన థైమస్ గ్రంథి ముక్క కొందరు పిల్లల్లో థైరాయిడ్ లోపల చిక్కుకుని, తెల్లని చుక్కలతో అచ్చం అనుమానపు గడ్డలా కనిపిస్తుంది. అనుభవం ఉన్న రేడియాలజిస్టు అసలు థైమస్‌తో పోల్చి గుర్తుపడతారు. వయసుతోపాటు అదే కరిగిపోతుంది.

అవసరం లేని స్కాన్

1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణుకేంద్రం పేలినప్పుడు రేడియోధార్మిక అయోడిన్ గడ్డి మీద పడి, పాల ద్వారా పిల్లల థైరాయిడ్‌లో చేరింది. 2005 నాటికి ఆరు వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. ఆ అనుభవంతో 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత జపాన్ ఆ ప్రాంతంలోని దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు అల్ట్రాసౌండ్ చేసింది. దాదాపు సగం మందిలో చిన్న తిత్తులో గడ్డలో కనిపించాయి. రేడియేషన్ సోకని మూడు జిల్లాల్లో 4,365 మంది పిల్లలకు అదే స్కాన్ చేస్తే అక్కడ సగం కంటే ఎక్కువ మందిలో అవే కనిపించాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లల థైరాయిడ్‌లో మిల్లీమీటర్ల తిత్తులు మామూలే. పట్టిపట్టి వెతికితే ఎన్నడూ హాని చేయని వాటిని కూడా జబ్బులుగా లెక్కగడతామని ఐక్యరాజ్యసమితి శాస్త్ర కమిటీ ఫుకుషిమా లెక్కలపై తేల్చింది. అణు ప్రమాదం జరిగినా సరే, జనమందరికీ థైరాయిడ్ స్కాన్లు చేయవద్దని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో సూచించింది.

కాబట్టి మాస్టర్ హెల్త్ చెకప్‌లో భాగంగానో, అమ్మకు థైరాయిడ్ ఉందనో, బిడ్డ లావయిందనో మెడ స్కాన్ చేయించడం మేలు చేయదు. రిపోర్టులో ‘కొల్లాయిడ్ సిస్ట్, 3 మిల్లీమీటర్లు’ అని వస్తే కుటుంబం నిద్ర పోగొట్టుకుంటుంది, బిడ్డకు మళ్లీ మళ్లీ స్కాన్లు, అనవసరపు సూదులు తప్పవు.

రాజపాళయం తల్లిదండ్రులు చేయగలిగింది

ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో తమిళం, రిపోర్టు ఇంగ్లిషు. ఈ మూడింటి మధ్య బిడ్డ సంగతి జారిపోకుండా చూసుకోవాల్సింది కుటుంబమే. విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. మదురైలో పెద్దాసుపత్రి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందాలు చూసే లోపాల జాబితాలో గొంతువాపు, పుట్టుకతో వచ్చే హైపోథైరాయిడిజం రెండూ ఉన్నాయి. ఆ బృందం బడికి వచ్చిన రోజు పిల్లలను తప్పక పంపాలి.

కాన్పు ఎక్కడ జరిగినా ఇంటికి బయలుదేరే ముందు ‘బిడ్డకు టీఎస్‌హెచ్ చేశారా, ఫలితం ఎప్పుడొస్తుంది?’ అని అడగండి. ఫలితం తెచ్చుకునేదాకా వదలకండి. థైరాయిడ్ తక్కువని తేలితే ఆ రోజే మాత్ర మొదలుపెట్టించండి, స్కాన్ తర్వాత చేయించండి. మెడలో గడ్డ చేతికి తగిలితే, మెడ మధ్య బుడిపెకు ఆపరేషన్ అన్నారంటే, బిడ్డకు ఇంతకుముందు మెడకు రేడియేషన్ చికిత్స జరిగి ఉంటే స్కాన్ గురించి డాక్టరును అడగండి. పిల్లలకు స్కాన్ చేసిన అనుభవం ఉన్న రేడియాలజిస్టు దగ్గరికి వెళ్లండి, పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి. ఇవేవీ లేనప్పుడు స్కాన్ అడగకండి. వంటింట్లో ఉప్పు డబ్బా మీద అయోడిన్ గుర్తు ఉందో లేదో మాత్రం ఈ రోజే చూడండి.